షుగర్ ఎంతకీ దిగట్లేదా? ఒంట్లో వాపు ఎక్కడుందో ముందు వెతకండి

మాత్ర వేళకే పడుతోంది. కాఫీలో చక్కెర మానేసి చాలా కాలమైంది. రాత్రి అన్నం బదులు రెండు చపాతీలే. అయినా పరగడుపున చూస్తే 180, 190. ఇలాంటప్పుడు చాలామంది తిండి ఇంకాస్త తగ్గించుకుంటారు, లేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లి డోసు పెంచమంటారు. ఆ రెండిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒంట్లో ఎక్కడైనా వాపు, అంటే డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అనేది, దాక్కుని ఉందేమో చూసుకోవాలి. అది చిగుళ్లలో ఉండొచ్చు, కాలివేళ్ల సందుల్లో ఉండొచ్చు, మూత్రాశయంలో ఉండొచ్చు, ఏ నొప్పీ లేకుండా పొట్టలో పేరుకున్న కొవ్వులోనైనా ఉండొచ్చు.

నెల్లూరులో ఒక ల్యాబ్‌లో రక్తం శాంపిల్స్ తీసే పని నాది. మందులు రాసే అర్హత నాకు లేదు, ఇక్కడ ఏ మందూ రాయను. కానీ రిపోర్టు చేతికి రాగానే "ఇంత పథ్యం చేస్తున్నా ఇదేంది" అని దిగాలుపడే మనుషుల్ని రోజూ చూస్తుంటాను. కౌంటరు దగ్గర రెండు నిమిషాల్లో వాళ్లకు చెప్పలేకపోయేది ఇక్కడ తీరిగ్గా చెబుతున్నాను.

ముందు షుగర్‌కూ వాపుకూ ఉన్న లంకె తెలుసుకోండి

దెబ్బ తగిలిన చోట ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బుతుంది. తెల్లకణాలు అక్కడ పోగై తమ పని తాము చేస్తున్నాయన్నమాట. ఆ వాపు మనకు మేలే చేస్తుంది, పని అయ్యాక తీసేస్తుంది. షుగర్‌తో ముడిపడ్డ వాపు వేరు. పైకి ఏమీ కనిపించదు. నివురుగప్పిన నిప్పులా నెలలు, ఏళ్ల తరబడి లోపల సాగుతూనే ఉంటుంది.

రక్తంలో గ్లూకోజు చాలాకాలం ఎక్కువగా ఉంటే అది ప్రొటీన్లకు అతుక్కుంటుంది. హిమోగ్లోబిన్‌కు అలా అతుక్కున్న దాన్నే మేం హెచ్‌బీఏ1సీ టెస్టులో కొలుస్తాం. మూడు నెలల షుగర్ టెస్టు అని అందరూ అనేది ఇదే. రక్తనాళాల గోడల్లో ఉండే ప్రొటీన్లకూ ఇదే గతి పడుతుంది. అలా మారిపోయిన ప్రొటీన్లు తగిలితే రోగనిరోధక కణాలు ఊరుకోవు, వాపు పుట్టించే రసాయనాలు వదులుతాయి. నాళాల లోపలి పొర కొద్దికొద్దిగా పాడవుతుంది. షుగర్ ముదిరితే గుండె, కిడ్నీ, కళ్లు, పాదాలు దెబ్బతినడంలో ఈ వాపుకు పెద్ద పాత్ర ఉంది.

ఇది షుగర్ నుంచి వాపుకు వెళ్లే దారి. వాపు నుంచి షుగర్‌కు వచ్చే దారి కూడా ఉంది. పొట్ట లోపల, పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు ఊరికే పడి ఉండదు. కణాలు పట్టలేనంతగా నిండిపోయాక అక్కడికి తెల్లకణాలు చేరతాయి, వాపు రసాయనాలు రక్తంలోకి కారుతుంటాయి. 1993లో అమెరికాలో గోఖన్ హోటమిస్లిగిల్, బ్రూస్ స్పీగల్‌మన్ బృందం లావెక్కిన ఎలుకల మీద ఈ సంగతి చూపించింది. వాటి కొవ్వులో టీఎన్‌ఎఫ్ ఆల్ఫా అనే వాపు రసాయనం ఎక్కువగా తయారవుతోంది, దాన్ని అడ్డుకుంటే ఇన్సులిన్ మళ్లీ బాగా పనిచేస్తోంది. అంటే ఇన్సులిన్ ఒంట్లో ఉన్నా, దాని మాట కండరాలూ కాలేయమూ వినకుండా చేసేవాటిలో వాపు ఒకటి.

ఇన్‌ఫెక్షన్ వస్తే మరో సంగతి జరుగుతుంది. జ్వరం, చీము, పుండు ఏదైనా సరే, శరీరం కార్టిసాల్, అడ్రినలిన్ హార్మోన్లు పెంచుతుంది. అవి కాలేయానికి చెప్పి నిల్వ ఉన్న గ్లూకోజును రక్తంలోకి వదిలిస్తాయి. మీరు ఒక్క మెతుకు తినకపోయినా షుగర్ 250 దాటడానికి కారణం ఇదే. అలా పెరిగిన షుగర్ తెల్లకణాలను మందగింపజేస్తుంది, పుండు మానదు, మానని పుండు షుగర్‌ను దిగనివ్వదు.

అలాగైతే వాపు తగ్గించే మందు ఒకటి వేసుకుంటే షుగర్ పోతుంది కదా అని మీకు అనిపించొచ్చు. పరిశోధకులకూ అనిపించింది. 1876లోనే జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఎబ్‌స్టైన్, ఆస్పిరిన్ జాతికి చెందిన సోడియం సాలిసిలేట్ ఇస్తే రోగుల మూత్రంలో చక్కెర తగ్గుతోందని రాశారు. కానీ అంత పెద్ద డోసులు కడుపునీ కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. మన కాలంలో, 2017లో వెలువడ్డ క్యాంటోస్ అనే పెద్ద పరీక్షలో గుండెపోటు వచ్చిన పది వేల మందికి పైగా మనుషుల మీద వాపును తగ్గించే ఒక ఇంజెక్షన్‌ను పరీక్షించారు. గుండెపోట్లు కొంత తగ్గాయి. కొత్తగా షుగర్ రావడం మాత్రం ఆగలేదు. కాబట్టి ఒక్క మందుతో వాపును అణిచేసి షుగర్‌ను గెలుద్దామంటే కుదరదు. వాపు పుట్టే చోట్లను ఒక్కొక్కటిగా వెతికి పట్టుకోవాలి. దానికి వరస ఇది.

మొదటి పని: లెక్కలు సరిగా తీయించుకోండి

పరగడుపు టెస్టుకు 8 గంటల ఖాళీ కడుపు చాలు. మంచినీళ్లు తాగొచ్చు. టీ, బీడీ, నోట్లో వక్క, ఏదీ వద్దు. బస్సు దిగి ఆయాసపడుతూ వచ్చి చెయ్యి చాపకండి, పది నిమిషాలు కూర్చోండి. తిన్నాక చేసే టెస్టుకు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న దగ్గర్నుంచి రెండు గంటలు లెక్కపెట్టాలి, చెయ్యి కడుక్కున్న దగ్గర్నుంచి కాదు. ఆ రోజు ఒక్కరోజూ రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుని వచ్చేవాళ్లు ఎంతమందో. మంచి నంబరు వస్తుంది, ఇంటికి సంతోషంగా వెళతారు, కానీ డాక్టరు ఆ నంబరు చూసే మందు రాస్తారు. రోజూ తినేదే తిని రండి. రోజూ వేసుకునే మాత్ర ఆ రోజు ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టర్ని అడగండి.

షుగర్ లేనివాళ్లకు పరగడుపున 100 లోపు ఉండాలి. 100 నుంచి 125 దాకా ఉంటే షుగర్ వచ్చే అంచున ఉన్నట్టు. 126, ఆపైన రెండుసార్లు వస్తే షుగర్ ఉన్నట్టే. హెచ్‌బీఏ1సీ 5.7 లోపు మామూలు, 6.5 నుంచి షుగర్. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పరగడుపున 80-130, తిన్నాక 180 లోపు, హెచ్‌బీఏ1సీ 7 లోపు ఉంచాలని చూస్తారు. బాగా పెద్దవయసు వాళ్లకు డాక్టర్లే ఈ హద్దు కాస్త వదులు చేస్తారు.

ఆడవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. ఐరన్ తక్కువైతే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లకు, రక్తం బాగా పోయినవాళ్లకు లెక్క తప్పుతుంది. అందుకని హిమోగ్లోబిన్ కూడా అదే రోజు చూపించుకోండి.

ఇక వాపును కొలిచే టెస్టు. సీఆర్‌పీ అనేది కాలేయం తయారుచేసే ఒక ప్రొటీన్, ఒంట్లో వాపు ఉంటే పెరుగుతుంది. మామూలు సీఆర్‌పీ ఇన్‌ఫెక్షన్లకు చేస్తారు. సన్నగా సాగే వాపును పట్టేది హెచ్‌ఎస్ సీఆర్‌పీ. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే గుండెకు ముప్పు తక్కువ, 1-3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే ఏదో ఇన్‌ఫెక్షనో దెబ్బో ఉందని అనుమానించి, అది తగ్గాక రెండు మూడు వారాలకు మళ్లీ చేయించాలి. జలుబు చేసినప్పుడు ఈ టెస్టుకు డబ్బు పెట్టడం దండగ. రిపోర్టులో యూనిట్లు చూడటం మరవకండి, కొన్ని చోట్ల డెసిలీటరు లెక్కలో ఇస్తారు. పదింతల తేడా వస్తుంది, 0.8 చూసి మురిసిపోతే అది నిజానికి 8 కావచ్చు. ఒక మాట సూటిగా చెబుతున్నాను, ల్యాబ్‌లో పనిచేసేవాణ్నే అయినా. ఈ టెస్టు అందరికీ అక్కర్లేదు. డాక్టరు అడిగితేనే చేయించండి.

దానికంటే ముందు ఇంట్లో ఉన్న కుట్టుమిషన్ టేపు తీయండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యన, చొక్కా తీసి, ఊపిరి వదిలి కొలవండి. మన దేశంలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, అంటే 35 అంగుళాల పైచిలుకు దాటకూడదు. ఆడవాళ్లకు 80, అంటే 31 అంగుళాల పైచిలుకు. ప్యాంటు సైజు లెక్కలోకి రాదు, చాలామంది ప్యాంటు పొట్ట కిందికి జారి ఉంటుంది. మనిషి సన్నగా ఉండి పొట్ట మాత్రమే ఉన్నా ఈ కొలత వదలదు.

రెండో పని: దాక్కున్న వాపును వెతకండి

షుగర్ మెల్లగా పెరుగుతూ వస్తే అది తిండి, బరువు, మందుల సంగతి కావచ్చు. మొన్నటిదాకా 130 ఉన్నది ఉన్నట్టుండి 250 అయితే కచ్చితంగా వెతకాలి.

కాళ్ల దగ్గర మొదలుపెట్టండి. మన జిల్లాలో ఎక్కువ నష్టం జరిగేది అక్కడే అని నా నమ్మకం. అల్లూరు వైపు నుంచి రొయ్యల చెరువుల మీద పనిచేసే ఒక పెద్దాయన వచ్చాడు. పరగడుపు షుగర్ 260. "ఏందబ్బయ్యా, అన్నం మానేసినా ఇంతుండాది?" అన్నాడు. కుర్చీలోంచి లేచేటప్పుడు కుడికాలు కొంచెం ఎత్తి పెడుతున్నాడు. "పెద్దాయనా, ఒకసారి చెప్పు తీయండి" అన్నాను. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య తోలు తెల్లగా నానిపోయి ఉంది. వేళ్లు విడదీస్తే అడుగున గోరంత పుండు, చుట్టూ ఎరుపు, చెడు వాసన. ఆయనకు నొప్పే తెలియడం లేదు. షుగర్ ఆయన పాదాల నరాలను ఎప్పుడో మొద్దుబార్చేసింది. అదే రోజు సర్జన్ దగ్గరికి పంపాం.

రోజూ రాత్రి పడుకునే ముందు మంచి వెలుతురులో ఇలా చూసుకోండి. ముందు వేళ్ల సందులు ఒక్కొక్కటీ విడదీసి చూడాలి. తర్వాత మడమల పగుళ్లు, పగులు లోపల ఎరుపు, తడి. తర్వాత అరికాలు. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టి దాని మీదుగా చూడండి, లేదా ఇంట్లో పిల్లల్ని చూడమనండి. చివరగా రెండు పాదాల మీదా అరచేతి వెనక భాగం ఆనించి, ఒకటి రెండోదానికంటే వేడిగా ఉందేమో గమనించండి. ఒక పాదమే ఎర్రగా, వేడిగా, ఉబ్బి ఉండి నొప్పి పెద్దగా లేకపోతే అది మంచి సూచన కాదు. నరాలు మొద్దుబారిన పాదంలో ఎముకలే నలిగిపోతున్నప్పుడు అలా ఉంటుంది. ఆ రోజే వెళ్లాలి, రేపటికి వాయిదా వద్దు.

కాళ్లు కడిగాక వేళ్ల సందులు పొడి గుడ్డతో అద్దాలి. నూనె, క్రీము పాదం మీద రాయండి, సందుల్లో మాత్రం వద్దు. ఆనెలు బ్లేడుతో కోయొద్దు. వేడినీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవద్దు, బొబ్బలు లేచేదాకా తెలియదు. పెంచలకోనకో సింగరకొండకో వెళ్లేవాళ్లు ఎండ ముదరకముందే ప్రదక్షిణలు పూర్తిచేసుకోండి. వేసవిలో మన బండరాళ్లు కాలిపోతుంటాయి. చెరువు పనివాళ్లు, వరి మడుల్లో దిగేవాళ్లు పని మధ్యలో ఒకసారి గట్టెక్కి కాళ్లు ఆరనివ్వాలి.

తర్వాత నోరు. పళ్లు తోముకునేటప్పుడు రక్తం కనిపిస్తోందా? చిగుళ్లు పళ్లను వదిలి కిందికి జారుతున్నాయా? నోటి వాసన పోవట్లేదా? చిగుళ్ల జబ్బు నోట్లో మానని పుండులాంటిదే, వాపు రసాయనాలు అక్కడినుంచి నిత్యం రక్తంలో కలుస్తుంటాయి. షుగర్ ఉంటే చిగుళ్లు త్వరగా పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ పెరుగుతుంది. చిగుళ్లకు సరైన చికిత్స చేయిస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ దాదాపు 0.4 తగ్గుతుందని పరీక్షల్లో తేలింది. ఇది చిన్న లాభమేమీ కాదు. "క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయి" అనే మాట మన దగ్గర బాగా పాతుకుపోయింది. పళ్లను అప్పటికే వదులు చేసింది గార కింద ఉన్న జబ్బు. గార తీశాక ఆ వదులు బయటపడుతుంది, అంతే. ఆరు నెలలకొకసారి డెంటిస్టుకు చూపించండి, మీకు షుగర్ ఉందని ముందే చెప్పండి.

మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, మర్మావయవాల దగ్గర దురద, తెల్లగా పొర కట్టడం, ఇవి చెప్పడానికి ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ సిగ్గుపడతారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు మూత్రంలోంచి చక్కెరను బయటికి పంపుతాయి కాబట్టి వాటితో ఈ దురద వచ్చే అవకాశం పెరుగుతుంది. మాత్ర సొంతంగా ఆపకండి, డాక్టరుతో చెప్పండి. తరచూ సెగ్గడ్డలు లేవడం, చంకల్లో గజ్జల్లో తామర, రెండు వారాలు దాటిన దగ్గు కూడా వదిలేయకూడనివే. షుగర్ ఉన్నవాళ్లకు క్షయ వచ్చే అవకాశం మిగతావాళ్లకంటే రెండు మూడింతలు ఎక్కువ. కఫం పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

మూడో పని: మీరు వాడే ఇతర మందుల చిట్టా రాయండి

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. స్టెరాయిడ్లు వాపును గట్టిగా తగ్గిస్తాయి, అయినా షుగర్‌ను పెంచుతాయి. కార్టిసాల్ చేసే పనే అవీ చేస్తాయి, కాలేయంతో గ్లూకోజు వదిలిస్తాయి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో వేయించుకునే సూదిలో ఏముందో చాలామందికి తెలియదు. "ఒక్క సూదికే లేచి నడిచాను" అంటే అందులో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఎక్కువ. పేరులేని పొట్లాల్లో ఇచ్చే కీళ్లనొప్పుల పొడుల్లోనూ కలుపుతుంటారు. కీలులోకి స్టెరాయిడ్ సూది వేస్తే కొన్ని రోజులపాటు షుగర్ పెరుగుతుంది. అవసరమైతే వేయించుకోవచ్చు, కానీ తెలిసి వేయించుకోవాలి, ఆ రోజుల్లో షుగర్ చూసుకోవాలి. ఆస్తమాకో చర్మానికో డాక్టరు రాసిన స్టెరాయిడ్ మాత్రలు చాలా రోజులుగా వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా ఆపేయడం ప్రమాదం.

రోజూ నొప్పి మాత్ర మింగితే వాపు తగ్గి షుగర్ కూడా తగ్గుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలు ఆ మాత్రలకు తట్టుకోలేవు. పసుపు క్యాప్సూళ్లు, "యాంటీ ఇన్‌ఫ్లమేటరీ" డబ్బాల సంగతీ అంతే. కూరలో వేసే పసుపు వేయండి, డబ్బాకు పెట్టే డబ్బుతో గ్లూకోమీటరు స్ట్రిప్పులు కొనుక్కోండి.

నాలుగో పని: పళ్లెం సర్దుకోండి

నెల్లూరు చేపల పులుసుకు షుగర్‌తో పేచీ లేదు. చింతపండు, మామిడికాయ ముక్కలు, చేప, అందులో తప్పేముంది? కవళ్లు, కానాగంతలు లాంటి సముద్రపు చేపల్లో ఒమేగా 3 కొవ్వులు దండిగా ఉంటాయి, వాపుకు అవి మంచివి. ధర కూడా వంజరమంత ఉండదు. చిక్కు ఎక్కడంటే, పులుసు రుచికి అన్నం తెలియకుండా రెండింతలు వెళుతుంది. అందుకని పులుసు పోసుకోకముందే అన్నం కప్పుతో కొలిచి పెట్టుకోండి, కప్పు మళ్లీ ముట్టుకోవద్దు. ముందు ఒక కప్పు కూర తినండి, బెండకాయో గోరుచిక్కుడో దొండకాయో ఆకుకూరో ఏదైనా సరే. తర్వాత చేప ముక్క. అన్నం చివరికి. అదే తిండి ఈ వరసలో తింటే తిన్నాక షుగర్ అంత ఎత్తుకు లేవదు. ఎగిరి దూకే షుగర్ రక్తనాళాలకు మరీ చేటు. సాయంత్రం పునుగులకు వాడిన నూనెలో మర్నాడు చేప వేయించొద్దు.

ఉదయం నెయ్యి కారం దోసె ఒక్కటి తిని ఆపగలిగేవాళ్లు తినొచ్చు. ఆపలేనివాళ్లు రోజు మార్చి పెసరట్టు వేసుకోండి.

కనిగిరి, పొదిలి వైపు వాళ్లు సంగటి తింటున్నాం కాబట్టి మాకు ఫర్వాలేదనుకుంటారు. సజ్జ, జొన్న, రాగి మంచివే, పీచు ఎక్కువ, ఆ పీచు పేగుల్లోని మంచి బాక్టీరియాకు తిండి, అది వాపును తగ్గించే ఆమ్లాలు తయారుచేస్తుంది. కానీ పెద్ద ముద్ద ముద్దే. మెత్తటి పిండితో పల్చగా కాచిన రాగిజావ ఇంకా త్వరగా షుగర్ పెంచుతుంది, ఎందుకంటే అది కడుపులో ఎక్కువసేపు నిలవదు. జావకంటే జొన్నరొట్టె నయం. ఒంగోలు చుట్టుపక్కల పండే శనగలు గుగ్గిళ్లు చేసుకోండి, సాయంత్రం బిస్కెట్లు వాటంతట అవే మానిపోతాయి. ఉలవపాడు మామిడి వచ్చే రోజుల్లో పండు పూర్తిగా మానమని నేను చెప్పను. రెండు ముక్కలు తిని ఆ పూట అన్నం అంతమేర తగ్గించండి. జ్యూసు మాత్రం వద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పప్పు, చేప, ఆకుకూరల లెక్క వేరు, డాక్టర్ని అడిగాకే మార్చండి.

ఐదో పని: తిన్నాక నడవండి

భోజనం అయ్యాక పదిహేను నిమిషాలు. కండరం కదిలేటప్పుడు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజును లాక్కుంటుంది. తెల్లవారుజామున గంట నడిచి రోజంతా కొట్లో కూర్చునేవాళ్లకు ఈ పదిహేను నిమిషాలు చాలా అవసరం. ఎండాకాలం వరండాలోనే అటూ ఇటూ తిరగండి. మోకాళ్లు సహకరించకపోతే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి, కాసేపాగి మళ్లీ చేయండి.

బరువు పదిశాతం తగ్గాలని భయపడక్కర్లేదు. 2002లో అమెరికాలో ఫలితాలు వెలువడ్డ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, షుగర్ వచ్చే అంచున ఉన్నవాళ్లకు ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టారు. వాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. 70 కిలోల మనిషికి ఏడు శాతమంటే ఐదు కిలోల లోపే. ముందు కరిగేదీ పొట్టలోపలి కొవ్వే.

ఆరో పని: నిద్ర, పొగ

రాత్రిళ్లు చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు చూసుకోవడానికి లేచే ఆక్వా రైతులకు, సీజన్లో పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ల దగ్గర జాగారం చేసేవాళ్లకు, పోర్టులో నైట్ షిఫ్ట్ వాళ్లకు నిద్ర గురించి నీతులు చెప్పడం నాకిష్టం లేదు. బతుకుతెరువు అది. అయినా కొన్ని రాత్రులు నిద్ర తెగితే ఇన్సులిన్ పనితనం తగ్గుతుందన్నది నిజం. ఇద్దరు వంతులేసుకుంటే ఒకరికి వరుసగా ఐదారు గంటలైనా దక్కుతుంది. నిద్ర సరిపోని మర్నాడు షుగర్ ఎక్కువ కనిపిస్తే టెన్షన్ పడి డోసు మార్చుకోవద్దు. పెద్దగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లు డాక్టరుకు చెప్పాలి, దానికి చికిత్స ఉంది.

బీడీ, సిగరెట్, చుట్ట మానకుండా పైన చెప్పినవన్నీ చేసినా సగం ఫలితమే. పొగాకు పండించే నేల మీద ఈ మాట చెప్పడం కష్టం, చెప్పకపోవడం ఇంకా తప్పు.

ఏడో పని: జ్వరం వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోండి

నవంబరు వానలకు మన వైపు జ్వరాలు మొదలవుతాయి. ఆ రోజుల్లో షుగర్ రోజుకు నాలుగుసార్లు చూడండి. తినట్లేదు కదా అని ఇన్సులిన్ మానేయకండి, జ్వరంలో దాని అవసరం పెరుగుతుంది. ఎంత వేసుకోవాలో డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. నీళ్లు, పల్చటి మజ్జిగ తాగుతూ ఉండండి. వాంతులో విరేచనాలో అయి ఒంట్లో నీరు తగ్గితే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి కొన్ని రోజులు ఆపమంటారు, అది ఎప్పుడో ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. షుగర్ 300 దాటి వాంతులు, ఆయాసం, మగతలో ఏది కనిపించినా ఆ క్షణమే ఆసుపత్రికి బయల్దేరండి.

ఇన్‌ఫెక్షన్ తగ్గాక

ఇది చాలామంది వదిలేసే మెట్టు. పుండుకో నిమోనియాకో ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇన్సులిన్ మొదలుపెడతారు. "ఒకసారి మొదలుపెడితే చచ్చేదాకా వదలదు" అని భయపడి వద్దంటారు, దాంతో పుండు మానడం ఆలస్యమవుతుంది. వాపు ఎక్కువగా ఉన్న రోజులకు ఇచ్చే ఇన్సులిన్ చాలామందికి తర్వాత తగ్గించేస్తారు, కొందరికి పూర్తిగా మానిపిస్తారు. ఒప్పుకోండి.

కానీ వాపు దిగే కొద్దీ షుగర్ కూడా దిగుతుంది. పాత డోసే వేసుకుంటూ పోతే ఒకరోజు 60కి పడిపోవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. పుండు మానుతున్న వారాల్లో రీడింగులు రోజూ నోటుబుక్కులో తేదీ, టైము వేసి రాయండి. 100 లోపు నంబర్లు వరసగా వస్తుంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా డాక్టరుకు ఆ పేజీ ఫొటో తీసి పంపండి. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వచ్చి 70 లోపు ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగండి. పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగండి. సర్దుకున్నాక ఏదైనా తినండి. స్పృహ తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏదీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.